ఫిజియాలజీ డిగ్రీ ఎవరి కోసం? – పాఠ్యప్రణాళిక, విద్యార్థుల వృత్తి లక్ష్యాలు

(డిగ్రీ కళాశాలల జంతుశాస్త్ర అధ్యాపకుల సదస్సులో చేసిన ప్రసంగం. హాజరు కాలేకపోయినవారి కోసం రికార్డింగు విని అక్షరబద్ధం చేసినది.)

వేదిక మీది పెద్దలకూ, ఎదురుగా ఉన్న అధ్యాపక మిత్రులకూ నమస్కారం. విద్యార్థుల వృత్తి లక్ష్యాలను దృష్టిలో పెట్టుకుని ఫిజియాలజీ, అంటే శరీరధర్మశాస్త్రం, డిగ్రీని ఎలా రూపొందించాలన్నది నాకు ఇచ్చిన అంశం. నేను పనిచేస్తున్నది అమెరికాలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో కాబట్టి దగ్గరగా చూసిన అక్కడి సంగతులే ఎక్కువగా చెబుతాను. అక్కడిది తెచ్చి ఇక్కడ అతికించమని చెప్పడానికి మాత్రం రాలేదు. మన దేశంలో ఫిజియాలజీ పేరుతో బి.యస్సీ. ఉన్న చోట్లు తక్కువ. కలకత్తా అందుకు మినహాయింపు. అక్కడి ప్రెసిడెన్సీ కళాశాలలో సుబోధ్ చంద్ర మహలనోబిస్ 1900లోనే ఫిజియాలజీ విభాగాన్ని ప్రారంభించారు. మన తెలుగు రాష్ట్రాల్లో మాత్రం ఈ శాస్త్రం జంతుశాస్త్రంలో ఒక పేపరుగా మీ చేతుల మీదుగానే పిల్లలకు అందుతోంది. అందుకే ఈ మాటలు మీతో చెప్పడం సబబని ఒప్పుకున్నాను.

ముందుగా అక్కడి పరిస్థితి చెబుతాను. అమెరికాలో వైద్యవిద్య డిగ్రీ తరువాత మొదలవుతుంది. ఇక్కడ ఇంటర్ బైపీసీ కాగానే నీట్ రాసి ఎం.బి.బి.ఎస్.లో చేరే పిల్లవాడు, అక్కడైతే ముందు నాలుగేళ్ళు ఏదో ఒక డిగ్రీ చదివి, ఎంక్యాట్ అనే వైద్యవిద్య ప్రవేశపరీక్ష రాసి, ఆ తరువాతే వైద్య కళాశాలకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ నాలుగేళ్ళలో ఏ డిగ్రీ అయినా చదవవచ్చు. సంగీతం చదివి డాక్టరైనవారూ ఉన్నారు. కానీ శరీరం గురించి చదివే డిగ్రీయే శరీరాన్ని చూసే వృత్తికి దగ్గరదారి అని పిల్లలకు అనిపించడం సహజం కదా. అందువల్ల మిషిగన్ స్టేట్, ఆరిజోనా, ఆరెగన్ వంటి విశ్వవిద్యాలయాల్లో ఫిజియాలజీ ప్రధాన సబ్జెక్టుగా ఉండే డిగ్రీలకు, అంటే మేజర్లకు, మంచి గిరాకీ ఉంది. ఫిజియాలజిస్టుగా పరిశోధన చేయాలని వచ్చేవారు వారిలో చాలా కొద్దిమంది. మిగిలినవారంతా డాక్టరుగానో, ఫిజియోథెరపిస్టుగానో, డాక్టరుకు తోడుగా రోగులను చూసే ఫిజిషియన్ అసిస్టెంటుగానో, దంతవైద్యులుగానో స్థిరపడాలని వచ్చేవారే.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. అక్కడ మన ఎం.బి.బి.ఎస్. లాంటి ఎం.డి. కోర్సులకు ఒక ఏడాది దరఖాస్తు చేసేవారిలో ఆ ఏడాది చేరగలిగేది ప్రతి పదిమందిలో సుమారు నలుగురే. అదీ దరఖాస్తు వరకూ వచ్చినవారిలో! మొదటి ఏడాది తరగతిలో చేతులెత్తించి ‘డాక్టరు కావాలని ఎందరికుంది’ అని అడిగితే లేచే చేతులకూ, నాలుగో ఏడాదిలో నిజంగా దరఖాస్తు పెట్టేవారికీ మధ్య రాలిపోయేవారు ఇందులో లేరు. రసాయనశాస్త్రం దగ్గర ఆగిపోయేవారు, డబ్బు దగ్గర ఆగిపోయేవారు, ఆసుపత్రిలో నెల రోజులు స్వచ్ఛంద సేవ చేశాక ఇది నా వల్ల కాదని తెలుసుకునేవారు, వీరందరూ అదే డిగ్రీలో, అదే తరగతి గదిలో ఉంటారు. మరి వీరి కోసం మనం ఏం సిద్ధం చేశాం? నేనీవేళ చెప్పదలుచుకున్నదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

వృత్తి లక్ష్యాల ఆధారంగా డిగ్రీని రూపొందించడం అనగానే చాలా విభాగాలు చేసే పని ఒకటుంది. వైద్య కళాశాలలు ఏయే కోర్సులు అడుగుతాయో చూస్తారు. రెండు సెమిస్టర్ల జీవశాస్త్రం, రెండు సెమిస్టర్ల సాధారణ రసాయనశాస్త్రం, కర్బన రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం, ఆపైన బయోకెమిస్ట్రీ. 2015లో ఎంక్యాట్‌లో మనస్తత్వ, సామాజిక శాస్త్రాల విభాగాన్ని చేర్చాక అవి కూడా జాబితాలోకి వచ్చాయి. ఫిజియోథెరపీ డాక్టరేటుకు వెళ్ళేవారికి ల్యాబుతో కూడిన అనాటమీ, గణాంకశాస్త్రం. ఫిజిషియన్ అసిస్టెంటుకు వెళ్ళేవారికి మైక్రోబయాలజీ. అన్నింటినీ కలిపి కట్టగట్టి, మధ్యలో మిగిలిన ఖాళీలో రెండో మూడో ఫిజియాలజీ కోర్సులు పెట్టి, ఇదిగో డిగ్రీ అంటారు. అది డిగ్రీ ఎలా అవుతుందండీ? ఎవరింటి పెళ్ళికో వచ్చినవారు నాలుగు పూటలు ఉండి వెళ్ళే విడిదిల్లు అవుతుంది. ఆ పెళ్ళి జరిగినవాడికి ఆ ఇల్లు గుర్తుండదు, జరగనివాడికి అక్కడ నిలువ నీడ ఉండదు.

రసాయనశాస్త్రానికి అమెరికాలో ఈ ఇబ్బంది తక్కువ, ఎందుకంటే డిగ్రీలో కనీసం ఏముండాలో అమెరికన్ కెమికల్ సొసైటీ మార్గదర్శకాలు ఇచ్చి, వాటిని పాటించే విభాగాలకు ఆమోదముద్ర వేస్తుంది. నర్సింగుకు లైసెన్సు పరీక్ష ఉంది. ఫిజియాలజీకి అమెరికన్ ఫిజియలాజికల్ సొసైటీ 1887 నుంచీ ఉన్నా, ఆ సంఘం చూపు చాలాకాలం పరిశోధన మీదా, వైద్య కళాశాలల బోధన మీదా ఉండేది. డిగ్రీ స్థాయిలో మేజర్లు నడిపే అధ్యాపకులు ఒక చోట చేరి, మనం ఏం చెబుతున్నాం, ఎవరికి చెబుతున్నాం అని మాట్లాడుకోవడం గత పది పన్నెండేళ్ళలోనే ఊపందుకుంది. అంటే అక్కడ కూడా ఇది తేలిన విషయం కాదు. ఇంకా వాదోపవాదాలు జరుగుతున్న విషయమే.

సరే, విద్యార్థి లక్ష్యం ఏమిటో ఎలా తెలుసుకోవాలి? అడిగితే తెలుస్తుంది కదా అంటారు. అడగండి, తప్పకుండా అడగండి. కానీ ‘నువ్వేమవుతావు’ అని అడిగితే వాడు చెప్పేది వాళ్ళ నాన్నగారి సమాధానం. అమెరికాలో మన తెలుగు కుటుంబాల పిల్లలను అడిగినా అంతే, నేను చూస్తూనే ఉన్నాను. దానికి బదులు రోజూ ఏ పని చేస్తూ గడపాలని ఉందో అడగాలి. రోగిని ముట్టుకుని చేసే పనా? యంత్రం దగ్గర కూర్చుని చేసే పనా? అంకెలతోనూ రికార్డులతోనూ చేసే పనా? పిల్లలకు చెప్పే పనా? ఈ నాలుగింటికీ నాలుగు రకాల సమాధానాలు వస్తాయి, ఆ సమాధానాలతోనే పాఠ్యప్రణాళికకు పని. పదవి పేరు తెలిస్తే మీరు సిలబస్‌లో మార్చగలిగేది పెద్దగా ఉండదు. పని స్వభావం తెలిస్తే ప్రాక్టికల్స్ మార్చవచ్చు, ప్రశ్నపత్రం మార్చవచ్చు, ఇంటర్న్‌షిప్ ఎక్కడికి పంపాలో తేల్చుకోవచ్చు.

పైగా ఒకసారి అడిగితే చాలదు. మొదటి సెమిస్టర్‌లో అడిగి, మళ్ళీ నాలుగులోనో ఐదులోనో అడగాలి, ఎందుకంటే లక్ష్యాలు మారతాయి, మారడమే ఎక్కువ. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసు మెడికల్ కాలేజీలో వైద్యం చదివారు. ఆ తరువాత బోస్టన్ చేరింది ఉష్ణమండల వ్యాధుల గురించి హార్వర్డులో చదవడానికి. చేసిందేమిటి? సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు; ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే కండరంలో శక్తినిచ్చే పదార్థాలైన ఫాస్ఫోక్రియాటిన్‌నూ, ఆ వెనుకే ఏటీపీనీ పట్టుకోగలిగారు. కండరం సంకోచించడానికి శక్తి ఎక్కడినుంచి వస్తుందని మీరు చెప్పే పాఠంలో ఆయన ఉన్నారు. ఆయనంతటివారు ప్రతి తరగతిలో ఉండరనుకోండి, నేను చెబుతున్నది ఆయన ప్రతిభ గురించి కాదు. వైద్యం కోసం బయలుదేరిన మనిషి కొలిచే విద్య వైపు తిరిగినప్పుడు, అంతకు ముందు నేర్చుకున్నది వృథా కాలేదన్నదే ఇక్కడి విషయం. మన డిగ్రీ కూడా అలా ఉండాలి. మూడో ఏట మనసు మార్చుకున్న పిల్లవాడికి ఒక ఏడాది నష్టం కాకూడదు.

అలా కాకుండా ఉండాలంటే అందరికీ ఉమ్మడిగా ఒక గట్టి భాగం కావాలి. అది ఏమిటన్నదాని మీద అమెరికాలో జోయెల్ మైకేల్, జెన్నీ మెక్‌ఫార్లండ్ వంటి అధ్యాపకులు చాలా కృషి చేశారు. 2011లో వారు పదిహేను మూల భావనలను ప్రతిపాదించారు. హోమియోస్టాసిస్ అంటే శరీరం లోపలి పరిస్థితులను నిలకడగా ఉంచుకోవడం, కణత్వచం, కణాల మధ్య సంభాషణ, ప్రవణత వెంట అంటే ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి ప్రవాహం, ఇలాంటివి. ఆస్ట్రేలియాలో విశ్వవిద్యాలయాల అధ్యాపకులు కలిసి కూర్చుని ఏడింటిని ఎంచుకున్నారు. పదిహేనా, ఏడా అన్న పట్టింపు నాకు లేదు. ప్రవణత వెంట ప్రవాహం అన్న ఒక్క భావన చూడండి: ధమనిలో రక్తం, ఊపిరితిత్తుల్లోకి గాలి, నాడీకణంలోకి సోడియం, మూత్రపిండంలో వడపోత, అన్నీ ఒకే సూత్రం, ఒత్తిడిలోనో గాఢతలోనో తేడా ఎంత, నిరోధం ఎంత. ఆ ఒక్కటి ఒంటబట్టినవాడు డయాలిసిస్ యంత్రం ముందు నిలబడినా, వెంటిలేటర్ ముందు నిలబడినా తడబడడు. వ్యవస్థల వారీగా పాఠాలు చెప్పడం మానమని నేననను. జీర్ణవ్యవస్థ, శ్వాసవ్యవస్థ, ప్రసరణ వ్యవస్థ అలాగే ఉండనివ్వండి. ప్రతి యూనిట్‌లోనూ అవే భావనలు తిరిగి కనిపిస్తున్నాయని పిల్లవాడికి తెలిసేలా చెప్పండి, అంతే.

ఇక ప్రాక్టికల్స్. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి, ఎందుకంటే లక్ష్యాలకూ డిగ్రీకీ ముడి పడేది ప్రయోగశాలలోనే అని నా నమ్మకం.

కప్ప నాడీ కండరాన్ని కైమోగ్రాఫ్‌కు కట్టి గీతలు గీయించిన రోజులు మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. యు.జి.సి. ఆంక్షలతో డిగ్రీలో జంతువుల కోత ఆగిపోయింది. దానివల్ల ప్రాక్టికల్స్ చచ్చిపోయాయని చాలామంది వాపోతారు. నాకు అలా అనిపించదు. ప్రయోగానికి కావలసిన జీవి ప్రతి బెంచీ మీదా కూర్చునే ఉంది కదా! ఒక బీపీ మిషను, ఒక స్టెతస్కోపు, ఒక గడియారం, ఒక బల్ల ఉంటే చాలు. కొరొట్‌కాఫ్ 1905లో వర్ణించిన, రక్తపోటు కొలిచేటప్పుడు వినిపించే ఆ శబ్దాలను చెవితో పట్టుకోవడం నేర్పండి. డిజిటల్ మిషను వద్దు, నేర్చుకునే దశలో అది చెవిని చెడగొడుతుంది. విద్యార్థిని ఐదు నిమిషాలు బల్ల మీద పడుకోబెట్టి రక్తపోటూ నాడీ కొలవండి. తరువాత లేచి నిలబడమని, నిలబడిన వెంటనే ఒకసారి, ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఒకసారి కొలవండి.

ఏం జరుగుతుంది? నిలబడగానే సుమారు అర లీటరు నుంచి ముప్పావు లీటరు రక్తం కాళ్ళలోకీ, పొట్టలోని సిరల్లోకీ దిగుతుంది. గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గుతుంది, రక్తపోటు క్షణకాలం పడుతుంది, మెడ ధమనుల్లోని బారోరిసెప్టర్లు అనే ఒత్తిడి గ్రాహకాలు దాన్ని పసిగడతాయి, గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కొద్దిసేపటికే సర్దుకుంటుంది. మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ, అంతకు మించి గానీ పడిపోయి అలాగే ఉంటే దాన్ని ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ అంటారు. తరగతిలో యాభైమంది ఉంటే యాభైమంది అంకెలూ బోర్డు మీద రాయించండి.

ఇప్పుడు ఆ ఒక్క బోర్డు నుంచి ఎన్ని దారులు పోతాయో చూడండి. ఫిజియోథెరపీకి వెళదామనుకున్న అమ్మాయికి, వారం రోజులు మంచం పట్టిన ముసలాయనను ఒక్కసారిగా ఎందుకు లేపి నిలబెట్టకూడదో అర్థమవుతుంది. క్లినికల్ ట్రయల్స్‌లో డేటా చూసే ఉద్యోగానికి వెళ్ళేవాడికి, ఇద్దరు కొలిచిన అంకెలు ఎందుకు తేడాగా వచ్చాయి, చివరి అంకె సున్నా అయ్యేట్టు అందరూ ఎందుకు సరిచేసి రాశారు అన్న ప్రశ్న దొరుకుతుంది. నవ్వకండి, మీ రికార్డు పుస్తకాల్లో చూడండి, అన్నీ 120, 80, 110, 70లే ఉంటాయి. ఫార్మకోవిజిలెన్స్‌కు , అంటే మందుల దుష్ప్రభావాలను గమనించే పనికి, వెళ్ళేవాడు రక్తపోటు మాత్ర వేసుకున్న వ్యక్తి ఉదయం లేవగానే కళ్ళు తిరిగి పడ్డాడన్న నివేదికను చదవగలుగుతాడు. వైద్య రికార్డుల్లోని జబ్బులకు సంకేతాలు వేసే మెడికల్ కోడింగుకు వెళ్ళేవాడు, మన హైదరాబాదులో అలా వెళ్ళే జీవశాస్త్రం పిల్లలు చాలామందే ఉన్నారు, డాక్టరు రాసిన ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ అన్న పదాన్ని చూసి ఐ95.1 అన్న కోడ్ వేస్తాడు. ఎందుకు వేస్తున్నాడో తెలిసి వేస్తాడు. డీఎస్సీ రాసి బడిలో జీవశాస్త్రం చెప్పబోయే పిల్లకు, ఎండలో ప్రార్థనలో నిలబడ్డ పిల్లవాడు ఎందుకు పడిపోయాడో ఎనిమిదో తరగతికి చెప్పగల పాఠం దొరుకుతుంది. ప్రయోగం ఒకటే, మాస్టారూ. అడిగే ప్రశ్న మారింది, రాయించే నివేదిక మారింది. ఐదు ఐచ్ఛిక కోర్సులు పెట్టే స్తోమత లేని కళాశాల కూడా ఈ పని చేయగలదు. నా దృష్టిలో వృత్తి లక్ష్యాల ప్రకారం రూపొందించడం అంటే మొదటి మెట్టు ఇదే.

రెండో మెట్టు వేళకు సంబంధించినది. అమెరికాలో ఫిజిషియన్ అసిస్టెంటు కోర్సులు చాలావరకు రోగుల దగ్గర పనిచేసిన గంటలు అడుగుతాయి. కొన్ని చోట్ల వందల్లో, కొన్ని చోట్ల వేలల్లో. ఫిజియోథెరపీ కోర్సులు చాలా చోట్ల క్లినిక్‌లో కూర్చుని గమనించిన గంటలు అడుగుతాయి. ఈ సంగతి విద్యార్థికి నాలుగో ఏట తెలిస్తే ఏం లాభం? అందుకే రెండో ఏట ఒక చిన్న కోర్సు, ఒక క్రెడిట్ చాలు, పెట్టే విభాగాలు ఉన్నాయి. అందులో ఏ దారికి ఏం కావాలో వాళ్ళచేతనే వెతికించి, రెండు దారులు రాయిస్తారు: మొదటిది మనసులో ఉన్నది, రెండోది అది కుదరకపోతే పట్టవలసినది. రెండో దారి రాయమంటే కొందరు తల్లిదండ్రులకు కోపం వస్తుంది, అపశకునం పలికినట్టు చూస్తారు. రాయించాల్సిందే. రెండు దారులకూ ఉమ్మడిగా పనికివచ్చే కోర్సులు ముందు, ఒక్కదానికే పనికివచ్చేవి చివర ఉండేలా చదువుకుంటే, మలుపు దగ్గర ఆగిపోయే ప్రమాదం తగ్గుతుంది. గణాంకశాస్త్రం దాదాపు అన్ని దారులకూ కావాలి. అలాంటిదాన్ని చివరి ఏడాదికి నెట్టే ప్రణాళికలు నేను ఇప్పటికీ చూస్తున్నాను, ఎందుకో నాకు అర్థం కాదు.

ఇక మన దగ్గరికి వద్దాం. మన డిగ్రీ తరగతిలో కూర్చున్న పిల్లలు ఎవరు? బైపీసీ చదివి, నీట్ రాసి, కొందరు లాంగ్ టర్మ్ కోచింగు కూడా తీసుకుని, సీటు రాక వచ్చినవారు చాలామంది. అంటే అమెరికాలో డిగ్రీ చివర జరిగే వడపోత మన దగ్గర డిగ్రీకి ముందే జరిగిపోయింది. వారికి మనం పదేపదే డాక్టర్ల ఉదాహరణలు చెప్పి ఊరించడం న్యాయం కాదు. అలాగని శరీరం మీద వారికున్న ఆసక్తి తప్పేమీ కాదు, అది మనకు దొరికిన మంచి పెట్టుబడి.

అయితే వారికి నిజం చెప్పాలి. పెర్ఫ్యూజన్ (శస్త్రచికిత్స వేళ గుండె పనిని చేసే యంత్రాన్ని నడపడం), డయాలిసిస్, అనస్థీషియా, కార్డియాక్ కేర్ టెక్నాలజీ, ఇవన్నీ మన దేశంలో ఇంటర్ తరువాత విడిగా చేరవలసిన డిగ్రీలు. 2021లో వచ్చిన అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఈ వృత్తులకు నిర్ణీత అర్హతలు, రిజిస్ట్రేషన్ ఉండాలంటోంది. జంతుశాస్త్రంలో బి.యస్సీ. చేసి, ఆసుపత్రిలో ఏదో ఒక టెక్నీషియనుగా సర్దుకోవచ్చులే అన్న పాత ధీమా ఇక చెల్లదు. ఈ మాట మొదటి సెమిస్టర్‌లోనే చెప్పండి. తెరిచి ఉన్న తలుపులు కూడా చెప్పండి: కొన్ని వైద్య కళాశాలల్లో మెడికల్ ఫిజియాలజీ ఎం.యస్సీ., బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ పీజీలు, బి.ఇడి. చేసి డీఎస్సీ, కోడింగు, ఫార్మకోవిజిలెన్స్, క్లినికల్ డేటా, ఔషధ కంపెనీల పరిశోధనశాలలు.

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీకి 10 నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. 2023–24లో ఒక్కటే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ విధానం వచ్చింది. జంతుశాస్త్రం మేజర్‌గా తీసుకున్న పిల్లకు ఆ విధానంలో మునుపటికన్నా ఎక్కువ పేపర్లు మీ చేతిలోనే ఉంటాయి. ఆ ఇంటర్న్‌షిప్ చాలా చోట్ల ఒక సర్టిఫికెట్టుగా ముగుస్తోందని మీరే నాతో అన్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి గ్రామంలో రక్తపోటు సర్వే చేయడానికి పెద్ద ఒప్పందాలు కావాలా? ప్రయోగశాలలో నేర్చుకున్న కొలతను ఊళ్ళో వందమంది మీద, ఏఎన్ఎం పర్యవేక్షణలో, వారి అనుమతితో చేసి, ఆ అంకెలను పట్టికలుగా వేసి నివేదిక రాయడం మొదటి వేసవి సామాజిక సేవా ప్రాజెక్టుకు సరిగ్గా సరిపోతుంది.

ఒక అభ్యంతరం ఉదయం భోజనాల దగ్గర ఇద్దరు ముగ్గురు లేవనెత్తారు. ఇలా చేస్తే డిగ్రీ కళాశాల శిక్షణ కేంద్రంగా మారిపోదా, శాస్త్రం శాస్త్రం కోసం చదివే పిల్లవాడి సంగతేమిటి అని. న్యాయమైన అనుమానమే. కోడింగు సాఫ్ట్‌వేరును ఒక పేపరుగా పెడితే తప్పకుండా అలాగే అవుతుంది. అది కంపెనీ వారు కొద్ది నెలల్లో నేర్పుకుంటారు, మన పని కాదు. ఉద్యోగం చేసే చోట ఎవరూ నేర్పనిది, శరీరం ఎందుకు అలా ప్రవర్తిస్తుందో ఆలోచించడం, అది మన పని. శాస్త్రం కోసమే చదివే పిల్లవాడికి కూడా పైన చెప్పిన బోర్డు మీది యాభై అంకెలు, పాఠ్యపుస్తకంలోని బొమ్మకన్నా మంచి మేతే.

చివరిగా ప్రశ్నపత్రం గురించి ఒక్క మాట, ఎందుకంటే మనం ఎన్ని మార్చినా పిల్లవాడు చదివేది ప్రశ్నపత్రాన్ని బట్టే. ‘బారోరిసెప్టర్ ప్రతిచర్యను పటం సహాయంతో వివరించుము’ అన్న ఎస్సే ప్రశ్న గైడులో ఉంటుంది, కంఠస్థం చేస్తాడు. దాని పక్కన ఇంకొకటి పెట్టండి: అరవై ఐదేళ్ళ వ్యక్తి రక్తపోటు పడుకున్నప్పుడు 138, 84, నిలబడిన మూడు నిమిషాలకు 112, 76, నాడి 72 నుంచి 75కు మాత్రమే పెరిగింది. రక్తం పోవడమా, నాడీవ్యవస్థ లోపమా, దేన్ని ముందు అనుమానిస్తావు, ఎందుకు? రక్తం పోయి ఉంటే నాడి బాగా పెరిగేది కదా, పెద్దగా పెరగలేదేమని ఆగి ఆలోచించిన పిల్లవాడికి ప్రతిచర్య అర్థమైందని మీకు తెలుస్తుంది. అటానమస్ కళాశాలల వారు సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ వచ్చే సమావేశంలోనే ఇలాంటివి ప్రతి యూనిట్‌కూ ఒకటి చేర్చుకోవచ్చు. మిగిలినవారు ఇంటర్నల్ పరీక్షల్లో మొదలుపెట్టండి. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.